కోడికి టీకా వేస్తే లోపల ఏం జరుగుతుంది? చికెన్ షాపు డ్రమ్ములోకి వెళ్లే ఆ చిన్న తిత్తికి ఇంత కథ ఉందా!

హైదరాబాద్: దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్.. ఆదివారం పొద్దున ఈ రూట్‌లో చికెన్ షాపుల ముందు రద్దీ మామూలే. కోడిని కోసి, తోలు తీసి, ముక్కలు కొట్టివ్వడానికి ఐదు నిమిషాలు పడితే ఎక్కువ. అడిగినవాళ్లకు లివర్, కందనకాయ కవర్‌లో వేసిస్తారు. మిగతా పేగులు, తల, ఈకలు అన్నీ పక్కనున్న డ్రమ్ములోకి వెళ్లిపోతాయి. అలా వెళ్లేవాటిలో కోడి తోక దగ్గర, మలద్వారానికి కాస్త పైన అతుక్కుని ఉండే ఓ లేత రంగు తిత్తి ఉంటుంది. సైజు చిన్న ద్రాక్షపండంత. దాన్ని ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ కోడి నలభై రోజులు బతికి షాపు దాకా వచ్చిందంటే అందులో ఆ తిత్తి పాత్ర చాలా ఉంది. దాని పేరు బర్సా ఆఫ్ ఫాబ్రిసియస్. సింపుల్‌గా బర్సా.

కోళ్లకు టీకాలు వేస్తారని అందరికీ తెలుసు. ఆ టీకా లోపలికి వెళ్లాక ఏ అవయవం ఏం చేస్తుంది, ఒక్కోసారి టీకా వేసినా కోళ్లు గుంపులు గుంపులుగా ఎందుకు చచ్చిపోతాయి అనేది మాత్రం ఫారం రైతులకు తప్ప బయట పెద్దగా తెలియదు. ఎల్బీనగర్ దాటి విజయవాడ హైవే ఎక్కితే ఈ ప్రశ్న ఎంత సీరియస్ అనేది అర్థమవుతుంది. 2015 ఏప్రిల్‌లో అప్పటి హయత్‌నగర్ మండలం తొర్రూరులో బర్డ్ ఫ్లూ బయటపడింది. 2025 ఫిబ్రవరిలో చౌటుప్పల్ మండలం నేలపట్లలో, ఏప్రిల్‌లో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం బాటసింగారంలో మళ్లీ అదే కథ. బాటసింగారం అంటే కొత్తపేట వాళ్లకు కొత్త పేరేం కాదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఇక్కడి నుంచి తరలిపోయింది అక్కడికే.

మరి అన్ని టీకాలు ఉన్నప్పుడు దీనికి ఎందుకు వేయలేదు? ఆ విషయానికి వచ్చేముందు కోడి ఒంట్లో ఏముందో చూద్దాం.

బీ సెల్‌లో ఆ 'బీ' ఎక్కడిది?

కరోనా టైంలో టీవీ చర్చల్లో 'బీ సెల్స్, టీ సెల్స్' అనే మాటలు వినని వాళ్లు ఉండరు. టీ అంటే థైమస్. మరి బీ? అది ఈ బర్సా పేరులోని మొదటి అక్షరమే. మనిషికి బర్సా లేదు. మనలో బీ సెల్స్ ఎముకల మజ్జలో తయారవుతాయి. కానీ పేరు మాత్రం కోడి దగ్గర నుంచే వచ్చింది.

ఇటలీలోని పాడువా యూనివర్సిటీలో పనిచేసిన ఫాబ్రిసియస్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఈ తిత్తి గురించి రాశాడు. ఆయన చనిపోయాక 1621లో ఆ పుస్తకం అచ్చయింది. అయితే ఆయన దీన్ని పుంజు వీర్యం దాచుకునే సంచి అనుకున్నాడు! ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా దీని అసలు పని ఏంటో ఎవరికీ తెలియలేదు.

1950ల మధ్యలో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి, బర్సా తీసేస్తే ఏమవుతుందో చూద్దామని కొన్ని కోడిపిల్లలకు ఆపరేషన్ చేశాడు. పెద్దగా తేడా ఏం కనిపించలేదు. ఆ కోళ్లను టిమొతీ చాంగ్ అనే మరో విద్యార్థి తీసుకెళ్లాడు. క్లాసులో యాంటీబాడీలు ఎలా పుడతాయో చూపించడానికి వాటికి సాల్మొనెల్లా ఎక్కించాడు. యాంటీబాడీలు రాలేదు. ఎందుకని వెనక్కి వెళ్లి చూస్తే అవన్నీ బర్సా తీసేసిన కోళ్లే. ఈ పేపర్‌ను ఓ పెద్ద సైన్స్ పత్రిక తిప్పి పంపింది. చివరికి 1956లో 'పౌల్ట్రీ సైన్స్' అనే కోళ్ల పత్రికలో వచ్చింది. 1965లో మిన్నెసోటా యూనివర్సిటీలో మాక్స్ కూపర్ టీమ్ కోళ్ల మీదే ప్రయోగాలు చేసి.. థైమస్ నుంచి వచ్చే కణాలు వేరు, బర్సా నుంచి వచ్చేవి వేరు అని తేల్చింది. మనిషి రోగనిరోధక శక్తి గురించి ఇవాళ డాక్టర్లు చెప్పే పాఠానికి పునాది అక్కడే పడింది.

ఏ అవయవం ఎక్కడ ఉంటుంది?

కోడి ఒంట్లో ఈ అవయవాలు రెండు రకాలు. సైనికుల్ని తయారుచేసే ట్రైనింగ్ క్యాంపులు కొన్ని, శత్రువుతో తలపడే చోట్లు మరికొన్ని.

ట్రైనింగ్ క్యాంపులు రెండే. మొదటిది థైమస్. మెడ పొడవునా రెండు వైపులా, తోలు కింద లేత రంగులో పూసలు గుచ్చినట్టు ఉంటుంది. టీ సెల్స్ తయారయ్యేది ఇక్కడే. రెండోది బర్సా. గుడ్డులో పిల్ల ఎదుగుతున్నప్పుడే కొన్ని మూల కణాలు బర్సాలోకి చేరతాయి. అందులో దాదాపు పది వేల చిన్న చిన్న గదులుంటాయి. ఆ గదుల్లో కణాలు వేగంగా పెరుగుతాయి. విచిత్రం ఏంటంటే అలా పుట్టిన కణాల్లో నూటికి ఐదు మాత్రమే బయటికి వస్తాయి. మిగతావి లోపలే చచ్చిపోతాయి.

ఇంకో విచిత్రం కూడా ఉంది. మనిషి ఒంట్లో రకరకాల యాంటీబాడీల కోసం చాలా జీన్ ముక్కలుంటాయి. వాటిని కలిపి, మార్చి కొత్తవి తయారు చేసుకుంటాం. కోడికి ఆ భాగంలో పనిచేసే జీన్ ఒక్కటే. పక్కనే ఉన్న పనికిరాని జీన్ల నుంచి ముక్కలు అరువు తెచ్చుకుని ఆ ఒక్కదాన్నే లక్షల రకాలుగా మార్చుకుంటుంది. ఈ పని జరిగేది బర్సాలోనే. అంటే చిన్న వయసులో బర్సా దెబ్బతింటే ఆ కోడికి జీవితాంతం యాంటీబాడీల్లో వెరైటీ తక్కువే.

ఇక తలపడే చోట్లు. మనిషికి జబ్బు చేస్తే మెడ దగ్గర, చంకల్లో బిళ్లలు కడతాయి కదా, అవి లింఫ్ గ్రంథులు. కోడికి అలాంటివి లేవు. అందుకే కందనకాయ దగ్గర్లో ముదురు ఎరుపు రంగులో, రేగుపండులా గుండ్రంగా కనిపించే ప్లీహం మీద భారం ఎక్కువ. కంటి వెనుక హార్డేరియన్ గ్రంథి ఉంటుంది. పేగుల చివర్లో సీకల్ టాన్సిల్స్ ఉంటాయి. ఊపిరితిత్తుల్లో, పేగు గోడల్లో కూడా రక్షణ కణాలు గుంపులుగా ఉంటాయి.

షాపులో అమ్మే బ్రాయిలర్ వయసు ఐదారు వారాలు. బర్సా బాగా పెరిగి ఉండే వయసు అది. ముదురు నాటుకోడి పుంజునో, గుడ్లు మానేసిన లేయర్‌నో కోసి చూస్తే బర్సా దాదాపు కనిపించదు. యుక్తవయసు వచ్చేసరికి అది తన పని ముగించుకుని కుంచించుకుపోతుంది. అప్పటికే అది పంపిన కణాలు ప్లీహంలో, ఇతర చోట్ల స్థిరపడి ఉంటాయి.

చుక్క పడ్డాక..

కోళ్లకు వచ్చే పెద్ద జబ్బుల్లో మనవాళ్లకు బాగా తెలిసింది కొక్కెర తెగులు. రాణిఖేత్ అని కూడా అంటారు. ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్ ఊరి పేరు అది. ఇంగ్లండ్‌లో ఇదే జబ్బుకు న్యూకాజిల్ అని పేరు. మెడ మెలికలు తిరగడం, ఆకుపచ్చ విరేచనాలు, రెక్కలు వాలేయడం దీని లక్షణాలు. దీనికి 5 నుంచి 7 రోజుల వయసులో పిల్లల కంట్లో ఒక చుక్క టీకా వేస్తారు. చాలా చోట్ల వాడేది లసోటా రకం.

కంట్లోనే ఎందుకు? ఆ చుక్క నేరుగా హార్డేరియన్ గ్రంథికి తగులుతుంది. కంటి నుంచి ముక్కులోకి, గొంతులోకి కూడా దిగుతుంది. ఇది బలహీనపరిచిన బతికున్న వైరస్. అక్కడి కణాల్లో కొంచెం పెరుగుతుంది. దాంతో హార్డేరియన్ గ్రంథిలో యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు పెరిగి, కన్నీళ్లలోకి యాంటీబాడీలు వస్తాయి. అసలు వైరస్ ఎప్పుడైనా గాలిలో వచ్చి కంట్లో, ముక్కులో పడితే మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది.

ఈలోపు సమాచారం ప్లీహానికి చేరుతుంది. కొద్ది రోజుల్లోనే ప్లీహంలో బీ సెల్స్ గుంపులు కట్టి పెరగడం మొదలవుతుంది. ప్లీహం కొంచెం ఉబ్బుతుంది కూడా. నాలుగైదు రోజుల్లో ఐజీఎం అనే మొదటి రకం యాంటీబాడీలు, వారం పది రోజుల్లో ఐజీవై అనే రకం రక్తంలో కనిపిస్తాయి. రెండు మూడు వారాలకు అవి బాగా పెరిగి, ఆ తర్వాత మెల్లగా తగ్గుతాయి. అందుకే నాలుగో వారం దగ్గర బూస్టర్ వేస్తారు. రెండోసారి ప్లీహం స్పందన వేగంగా, గట్టిగా ఉంటుంది. పాత శత్రువును గుర్తుపట్టే కణాలు అప్పటికే రెడీగా ఉంటాయి కాబట్టి.

టీకా పనిచేసిందో లేదో తెలుసుకోవాలంటే కోళ్ల రక్తం తీసి ల్యాబ్‌లో యాంటీబాడీల స్థాయి చూస్తారు. ఒక్క కోడిది చూస్తే లాభం లేదు. షెడ్డులో అక్కడక్కడా పట్టుకున్న కోళ్ల నమూనాలు చూస్తారు. సగటు ఎంతుందన్నది ఒక లెక్క అయితే, కోడికీ కోడికీ మధ్య తేడా ఎంతుందన్నది అంతకంటే ముఖ్యమైన లెక్క. సగం కోళ్లకు బాగా వచ్చి సగం కోళ్లకు అసలు రాకపోతే షెడ్డులో వైరస్‌కు దారి దొరికినట్టే.

గంబోరో: ట్రైనింగ్ క్యాంపు మీదే దాడి

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. 1962లో అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో గంబోరో అనే చోట బయటపడ్డ జబ్బు ఇది. ఈ వైరస్ వెతుక్కుంటూ వెళ్లేది బర్సానే. అందులో ఎదుగుతున్న బీ సెల్స్‌నే చంపుతుంది.

మూడు నుంచి ఆరు వారాల పిల్లలకు సోకితే మూడు నాలుగు రోజుల్లో బర్సా వాచి రెట్టింపు అవుతుంది. చుట్టూ పసుపు రంగు జిగురు పడుతుంది. కొన్నిసార్లు లోపల రక్తం కనిపిస్తుంది. వారం దాటేసరికి అదే బర్సా మామూలు సైజులో మూడో వంతుకు కుంచించుకుపోతుంది. చచ్చిన కోడిని కోసినప్పుడు పశువైద్యులు ముందు తోక దగ్గర చూసేది అందుకే.

మూడు వారాల లోపు పిల్లలకు సోకితే ఇంకా ప్రమాదం. బయటికి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. పిల్లలు తింటుంటాయి, తిరుగుతుంటాయి. కానీ బర్సా ఖాళీ అయిపోయి ఉంటుంది. ఆ తర్వాత రైతు రాణిఖేత్ టీకా వేస్తాడు. టీకా మంచిదే, కోల్డ్ చైన్ బాగానే ఉంది, చుక్క సరిగ్గానే పడింది. కానీ అందుకోవాల్సిన కణాలే లోపల లేవు. నెల తిరగకముందే కొక్కెర తెగులు వచ్చి షెడ్డు ఖాళీ అవుతుంది. 'నకిలీ టీకా అమ్మారు' అని రైతు, 'మీరు సరిగ్గా వేయలేదు' అని డీలర్.. గొడవ ఇక్కడిదాకా వెళ్తుంది. తప్పు ఇద్దరిదీ కాకపోవచ్చు. అంతకు రెండు మూడు వారాల ముందు చప్పుడు లేకుండా వచ్చిపోయిన గంబోరోది కావచ్చు.

మరి గంబోరోకు టీకా లేదా? ఉంది. అయితే దీని టైమింగ్ ఓ పెద్ద తలనొప్పి. తల్లికోడి తన యాంటీబాడీలను గుడ్డు పచ్చసొనలో పెట్టి పిల్లకు పంపుతుంది. మొదటి రెండు వారాలు పిల్లను కాపాడేది అవే. అవి ఎక్కువగా ఉన్నప్పుడు టీకా వేస్తే, టీకా వైరస్‌ను కూడా శత్రువే అనుకుని అవి చంపేస్తాయి. టీకా వృథా. అవి పూర్తిగా తగ్గేదాకా ఆగితే, ఆ గ్యాప్‌లో అసలు వైరస్ దూరిపోతుంది. బ్రాయిలర్ పిల్లల్లో ఈ తల్లి యాంటీబాడీలు మూడు నాలుగు రోజులకోసారి సగానికి పడిపోతుంటాయి. అందుకే పెద్ద ఫారాలు పిల్లల రక్తం పరీక్షించి, లెక్కగట్టి టీకా రోజు ఫిక్స్ చేసుకుంటాయి. పరీక్ష చేయించలేని చిన్న రైతులు 12 నుంచి 14 రోజుల మధ్య వేసేస్తారు. ఒకే షెడ్డులోకి రెండు మూడు హేచరీల పిల్లలు వస్తే తల్లి యాంటీబాడీలు ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటాయి. అప్పుడు ఏ రోజు వేసినా కొన్నింటికి తొందరే, కొన్నింటికి ఆలస్యమే.

టీకాలో కూడా రకాలున్నాయి. మైల్డ్ టీకా బర్సాకు ఏమీ చేయదు, కానీ తల్లి యాంటీబాడీలను దాటలేదు. ఇంటర్మీడియట్ రకం కొంచెం దాటుతుంది, బర్సాలో కొన్ని కణాలు తగ్గినా మళ్లీ నిండుతాయి. 'హాట్' అని పిలిచే ఘాటు రకం బాగా దాటుతుంది, కానీ బర్సాను కూడా కాస్త దెబ్బతీస్తుంది. జబ్బు తీవ్రంగా ఉన్న ప్రాంతంలో తప్ప దీన్ని వాడకపోవడమే మంచిది. ఈ చిక్కును దాటడానికి వచ్చినవే వెక్టర్ టీకాలు. టర్కీ కోళ్లలో ఉండే హాని లేని హెర్పిస్ వైరస్‌లో గంబోరో వైరస్ జీన్ ఒక్కటి పెట్టి హేచరీలోనే ఇచ్చేస్తారు. తల్లి యాంటీబాడీలు దీన్ని పెద్దగా అడ్డుకోలేవు, బర్సాకు నష్టం ఉండదు. ఖర్చు మాత్రం ఎక్కువే.

ఎండ, క్లోరిన్ కూడా విలన్లే

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ చుట్టుపక్కల షెడ్లలో కోళ్లు నోరు తెరిచి రొప్పుతుంటాయి. వేడి ఒత్తిడికి కోడి ఒంట్లో కార్టికోస్టిరోన్ అనే హార్మోన్ పెరుగుతుంది. దాని దెబ్బకు బర్సా, థైమస్, ప్లీహం మూడూ చిన్నబోతాయి. అదే టీకా వేసినా యాంటీబాడీలు తక్కువగా వస్తాయి. బూజు పట్టిన మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిన్ కూడా ఇంతే పని చేస్తుంది. అందుకే ఎండాకాలంలో టీకాను తెల్లవారుజామున, చల్లగా ఉన్నప్పుడే వేయడం మంచిది.

నీళ్లలో కలిపి ఇచ్చే టీకాలకు ఇంకో సమస్య. బతికున్న వైరస్ కాబట్టి క్లోరిన్ తగిలితే చచ్చిపోతుంది. బ్లీచింగ్ కలిపిన నీళ్లు వాడకూడదు. పాలపొడి (వెన్న తీసినది) ముందుగా నీళ్లలో కలిపి, ఆ తర్వాత టీకా కలుపుతారు. కోళ్లకు కాసేపు నీళ్లు ఆపి దాహం వేసేలా చేస్తారు. లేకపోతే రెండు గంటల్లో తాగాల్సింది సాయంత్రం దాకా మిగిలిపోతుంది. టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. సిటీ నుంచి బైక్ డిక్కీలో పెట్టుకుని మిట్టమధ్యాహ్నం తీసుకెళ్లిన టీకా మీద ఆశ పెట్టుకోవడం దండగ.

బర్డ్ ఫ్లూకు ఎందుకు వేయరు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. హెచ్5ఎన్1 లాంటి తీవ్రమైన బర్డ్ ఫ్లూకు మన దేశంలో కోళ్లకు టీకా వేయడానికి అనుమతి లేదు. జబ్బు ఉన్నట్టు భోపాల్‌లోని జాతీయ ల్యాబ్ (నిహ్‌సాడ్) తేల్చగానే చుట్టూ కిలోమీటర్ పరిధిలో కోళ్లను చంపి పూడ్చిపెడతారు. 10 కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. చంపిన కోళ్లకు ఇచ్చే పరిహారాన్ని కేంద్రం, రాష్ట్రం సగం సగం భరిస్తాయి. జబ్బుతో ముందే చచ్చిపోయిన కోళ్లకు ఈ పరిహారం రాదు. రైతు లేటుగా చెప్తే నష్టపోయేది రైతే.

టీకా వద్దనడానికి కారణం మళ్లీ ఆ రోగనిరోధక అవయవాల దగ్గరే ఉంది. టీకా వేసిన కోడి చావకుండా బతుకుతుంది. కానీ వైరస్ దానికి అసలు సోకదని గ్యారంటీ లేదు. పైకి బాగానే కనిపిస్తూ రెట్టలో, శ్వాసలో వైరస్ వదులుతుంటే కనిపెట్టడం కష్టం. ఇక రక్త పరీక్షలో కనిపించే యాంటీబాడీలు టీకావా, జబ్బువా అనేది తేల్చడం మరో తంటా. ఎగుమతుల లెక్క కూడా ఉంది. మరోవైపు చైనా, ఈజిప్ట్, వియత్నాం చాలా ఏళ్లుగా టీకా వేస్తున్నాయి. ఫ్రాన్స్ 2023 అక్టోబర్ నుంచి బాతులకు మొదలుపెట్టింది. మన దగ్గర తీవ్రత తక్కువుండే హెచ్9ఎన్2 రకానికి మాత్రం నిహ్‌సాడ్ తయారుచేసిన టీకా ఉంది. దాన్ని తయారు చేసే టెక్నాలజీ అందుకున్న కంపెనీల్లో సికింద్రాబాద్ సంస్థ గ్లోబియాన్ కూడా ఒకటి.

సూదుల చికెన్.. భయం నిజమేనా?

'బ్రాయిలర్‌కు ఇంజెక్షన్లు వేసి పెంచుతారు' అని వాట్సాప్‌లో తిరిగే మాటలో రెండు వేరు వేరు విషయాలు కలిసిపోయాయి. బ్రాయిలర్ తొందరగా పెరగడానికి కారణం దశాబ్దాల బ్రీడింగ్, దాణా. టీకా బరువు పెంచదు. పైగా టీకా వేసిన రోజు పిల్లలు కాస్త డల్ అయి మేత తగ్గిస్తాయి. బ్రాయిలర్లకు ఇచ్చే టీకాలు ఎక్కువగా కంట్లో చుక్కలు, తాగే నీళ్లే. కోళ్ల టీకా వైరస్‌లు కూర వేడికి మిగలవు. 70 డిగ్రీలు దాటి ఉడికితే బర్డ్ ఫ్లూ వైరస్ కూడా బతకదు. పట్టించుకోవాల్సిన విషయం వేరే ఉంది. అది యాంటీబయాటిక్స్ వాడకం. జబ్బులు ఎక్కువైతే వాటి వాడకం పెరుగుతుంది. బర్సా బాగుండి టీకాలు సరిగ్గా పనిచేసిన షెడ్డులో వాటి అవసరం తగ్గుతుంది. ఆ లెక్కన టీకా అంటే భయపడాల్సింది పోయి, వేశారా అని అడగాల్సింది తినేవాళ్లే.

నాలుగు కోళ్లు పెంచుకునేవాళ్ల సంగతి?

హయత్‌నగర్, తుర్కయంజాల్, వనస్థలిపురం అంచుల్లో ఇంటి వెనుక, మేడ మీద నాటుకోళ్లు పెంచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన వనరాజా, గ్రామప్రియ రకాలను కొందరు పెంచుతున్నారు. నాటుకోడికి జబ్బులు రావు, టీకాలు అక్కర్లేదు అనేది అపోహే. కొక్కెర తెగులు వస్తే నాటుకోడి కూడా పోతుంది. వనరాజా లాంటి పెరటి కోళ్లకు మొదటి రోజు హేచరీలోనే మారెక్స్ టీకా పడుతుంది. ఏడో రోజు లసోటా, రెండో వారంలో గంబోరో, నాలుగో వారంలో మళ్లీ లసోటా వేయాలి. రెండు నెలలు దాటాక రాణిఖేత్‌కు ఆర్2బీ ఇంజెక్షన్ కూడా ఉంటుంది.

చిక్కు ఎక్కడంటే టీకా సీసాలు వందల డోసులుగా వస్తాయి. ఇంట్లో ఉండేది ఆరు కోళ్లు. సీసా కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి వచ్చే వారం వేస్తే అందులో బతికున్న వైరస్ ఉండదు, కోడి ప్లీహానికి అందేది ఏమీ ఉండదు. అందుకే గల్లీలో నలుగురైదుగురు కలిసి ఒకే రోజు వేయించుకోవడమో, దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలలో ఏ రోజు సీసా తీస్తారో కనుక్కుని కోళ్లను గంపలో పెట్టుకుని వెళ్లడమో చేయాలి.